ముందు నీళ్ల దారి, ఆ తర్వాతే నడకదారి

రెండేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున్నే మా కాలనీవాళ్లం ముప్పై మందిమి పారలు, గడ్డపారలు, మచ్చుకత్తులు పట్టుకుని కొండ కిందికి పోయాం. మధ్యాహ్నానికల్లా కంప కొట్టి, నేల చెక్కి, వంక గట్టు నుంచి పైనున్న పెద్ద బండ దాకా దారం పట్టినట్టు తిన్నగా బాట వేసేశాం. ఫొటోలు దిగాం, తెచ్చుకున్న పులిహోర తిని ఇళ్లకు వచ్చేశాం. అక్టోబరులో రెండు రోజులు ముసురు పట్టి ఒక రాత్రి గట్టిగా కొట్టింది. తెల్లారి పోయి చూస్తే బాట లేదు. అది ఉన్న చోట మోకాలి లోతు గాడి ఉంది. బాట మీది మట్టంతా కింద వంకలో మేట వేసి ఉంది.

ఆ గాడికి ఇప్పటికీ రాళ్లు అడ్డం వేస్తూనే ఉన్నాం. ఊరి అంచున పచ్చటి పట్టీలో నడకదారి అనగానే మొక్కలు నాటడం, బెంచీలు వేయడం, బోర్డు నిలబెట్టడం గుర్తొస్తాయి. అవన్నీ చివర చేసే పనులు. అన్నిటికన్నా ముందు, వాన పడితే నీళ్లు ఎక్కడి నుంచి వచ్చి ఎటు పోతున్నాయో చూసుకోవాలి. నేల ఎవరిది, బాట ఎక్కడ వంపు తిరగాలి, ఏ మొక్క బతుకుతుంది, చిరుత ఏ దారిన వస్తుంది... తిరుపతిలో ఈ ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి నీళ్ల దగ్గరికే వస్తాయి.

మన ఊరి పొందిక ఒకసారి గుర్తు చేసుకోండి. ఉత్తరాన గోడ కట్టినట్టు శేషాచలం కొండలు. దక్షిణాన స్వర్ణముఖి. కొండ మీద పడిన వాన వంకలుగా దిగి, కాలనీల మధ్య నుంచి, చెరువుల మీదుగా ఆ నది వైపు పోవాలి. చెర్లోపల్లి వైపు నుంచి అలిపిరి, కపిలతీర్థం, జీవకోన మీదుగా కరకంబాడి రోడ్డు వైపు పోయే కొండపాదం మొత్తం ఇలాంటి వంకల నేలే. ఇళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో, అడవి ఎక్కడ మొదలవుతుందో, ఆ రెంటి మధ్య మిగిలిన కంప చెట్ల పట్టీనే మనం గ్రీన్‌బెల్ట్ అంటున్నాం. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో నీటి చుక్క కనిపించదు. అందుకే అది నీళ్ల నేల అన్న సంగతి మరిచిపోతాం.

2021 నవంబరులో కురిసిన కుండపోత వానకు ఆ మరుపు వదిలింది. కపిలతీర్థం జలపాతం గుడి ప్రాంగణంలోకి విరుచుకుపడింది. వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. నడక మెట్ల దారులు దెబ్బతిన్నాయి. శ్రీవారిమెట్టు దారి మళ్లీ తెరుచుకున్నది 2022 మేలో. రాతి మెట్లు పరిచి, ఏడాది పొడుగునా కాపాడుకునే దారికే ఆ గతి పట్టిందంటే, ముప్పై మంది ఒక పూటలో చెక్కిన మట్టి బాట ఏపాటిది?

అడుగు పెట్టిన నేల ఎవరిది?

మేము చేసిన మొదటి తప్పు వాలు గురించి కాదు. మేము నిలబడిన నేల ఎవరిదో తెలుసుకోకుండానే పార దించాం. బయటికి ఒకే పచ్చటి పట్టీగా కనిపించే నేల కాగితాల మీద నాలుగైదు ముక్కలుగా ఉంటుంది. ముక్క మారితే చట్టం మారుతుంది.

కొండ వైపు ముక్క చాలావరకు రిజర్వు ఫారెస్టు. అక్కడ 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం నడుస్తుంది. అందులోని 20వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోవడం, చెట్టూ చేమా కొట్టడం, నేల చదును చేయడం, నిప్పు పెట్టడం అన్నీ నేరాలే. మనది మంచి ఉద్దేశమే కావచ్చు, చట్టం దాన్ని అడగదు. పైగా ఇది ఎర్రచందనం అడవి. ఆ చెట్టు తూర్పు కనుమల దక్షిణ కొసన, అంటే మన చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా తనంతట తాను పెరగదు. దాని కోసం జరిగే దొంగరవాణా వల్ల ఇక్కడ మచ్చుకత్తి పట్టుకుని అడవిలో కనిపించే ప్రతి మనిషినీ అటవీ సిబ్బంది అనుమానంగానే చూస్తారు. అది వాళ్ల డ్యూటీ. ఎర్రచందనం నేరాలకు శిక్షలు పెంచుతూ 2016లో చట్టాన్ని సవరించారు కూడా. కాబట్టి సేవ చేయడానికి వచ్చామని చెబితే చాలు, వదిలేస్తారు అనుకుని ఎవరూ బయల్దేరకండి.

ఇంకా లోపలికి పోతే శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం. 1989లో ఏర్పడింది, విస్తీర్ణం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అడుగు పెట్టాలంటేనే అనుమతి కావాలి. ఈ మొత్తాన్నీ కలుపుకుని 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ రిజర్వు 4,755 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. రాష్ట్రంలో అదే మొదటిది. స్వచ్ఛంద బాటలు వేసుకునే చోటు ఇది కాదు. ఇక్కడ దారి కావాలంటే అది అటవీశాఖ దారే కావాలి, మనం దానికి సాయం పట్టాలి.

ఊరి వైపు ముక్కల్లో ఒకటి రెవెన్యూ పోరంబోకు, అందులోనూ వంక పోరంబోకు. ఇంకొకటి లేఅవుట్లు వేసినప్పుడు పార్కుల కోసం వదిలిన ఖాళీ జాగా. లేఅవుట్ విస్తీర్ణంలో పది శాతం ఇలా వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలన్నది నియమం. మిగతాది దేవస్థానానిదో, విశ్వవిద్యాలయాలదో, పట్టా భూమో కావచ్చు. మేము బాట కొట్టింది వంక పోరంబోకులో అని తర్వాత తేలింది. నూరు గజాలు పైకి జరిగి ఉంటే రిజర్వు ఫారెస్టులో ఉండేవాళ్లం. ఆ సంగతి తెలిసిన రోజు మా వాట్సాప్ గ్రూపులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తెలుసుకోవడం ఎలా? ముందు సర్వే నంబరు పట్టుకోవాలి. మీభూమి పోర్టల్‌లో అడంగల్, అంటే ఏ నేల ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసే రికార్డు చూడొచ్చు. దాని కన్నా గట్టి ఆధారాలు తహసీల్దారు కార్యాలయంలో ఉంటాయి. ఒకటి ఎఫ్‌ఎంబీ, అంటే ఆ సర్వే నంబరు హద్దుల కొలతలతో ఉన్న పటం. రెండోది డైగ్లాట్. పాత మద్రాసు రాజధాని జిల్లాల్లో సెటిల్‌మెంటు రిజిస్టరును ఇంగ్లిషు, తెలుగు రెండు భాషల్లోనూ అచ్చు వేశారు కాబట్టి ఆ పేరు. ఒక నేల మొదట్లో వాగా, చెరువా, గుట్టా, పట్టానా అన్నది అందులో తేలుతుంది. తర్వాత ఎవరెన్ని కాగితాలు పుట్టించినా డైగ్లాట్‌లో వంక అని ఉంటే ఆ మాటకు బలం ఉంటుంది. రిజిస్ట్రేషను నిషేధించిన భూముల 22ఏ జాబితాలో ఆ నంబరు ఉందో లేదో కూడా చూడాలి. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. సోమవారం కలెక్టరేటులో జరిగే గ్రీవెన్సులో అర్జీ ఇచ్చి రసీదు దాచుకోండి.

ఈ కాగితాల పని విసుగ్గా ఉంటుంది, కాదనను. కానీ పారపని కన్నా దీని ఫలితమే ఎక్కువ కాలం నిలుస్తుంది. వంక హద్దు ఒకసారి కొలిచి రాళ్లు పాతించారంటే ఆక్రమణ అక్కడే ఆగుతుంది. చెరువులు, కుంటలు, ఊరుమ్మడి నేలలు ఇతర అవసరాలకు పంచిపెట్టడానికి వీల్లేదని 2001లో హించ్‌లాల్ తివారీ కేసులోను, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులోను సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2017 నాటి రాష్ట్ర భవన నిర్మాణ నియమాల్లో పది మీటర్లకు మించి వెడల్పున్న వాగు హద్దు నుంచి తొమ్మిది మీటర్లు, అంతకన్నా సన్నటి వంకకు రెండు మీటర్లు వదలాలని ఉంది. కట్టడం రాకూడని ఆ అంచు ఉత్తినే పడి ఉంటే చెత్త కుప్ప అవుతుంది, లేదా ఎవరిదో ప్రహరీ అవుతుంది. రోజూ నలుగురు నడిచే బాట అయితే దానికి కాపలా దొరికినట్టే. నడకదారి మీద నాకు ఇంత పట్టుదల ఉండడానికి అసలు కారణం ఇదే.

మేస్త్రీ పైపు చెప్పిన సంగతి

గాడి పడ్డ చోటికి ఒక రోజు గొర్రెలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. కాసేపు చూసి, "ఏంది సామీ, గొర్రెలే నిట్టనిలువునా ఎక్కవు గదా, మీరు బాటను ఎట్ల ఎక్కిస్తిరి?" అన్నాడు. బాటల నిర్మాణం మీద తర్వాత నేను ఎంత చదివినా ఆ మాట కన్నా ఎక్కువేమీ దొరకలేదు. ఉన్నదంతా ఆ మాటకు లెక్కలే.

లెక్క ఇది. కొండవాలు ఎంత నిటారుగా ఉందో బాట అందులో సగానికి మించి నిటారుగా ఉండకూడదు. నూరడుగులు నడిస్తే ఇరవై అడుగులు ఎత్తు పెరిగే వాలు మీద బాట నూరడుగులకు పది అడుగులకు మించి ఎక్కకూడదు. మించితే ఏమవుతుందంటే, పై నుంచి వచ్చే నీళ్లు బాటను అడ్డంగా దాటి అవతలికి పోవడం మానేసి బాట వెంబడే పరుగెత్తుతాయి. నీటికి తేలికైన దారి ఏదో అదే దానికి కావాలి. మనం కంప తీసి, గడ్డి చెక్కి, నున్నగా చేసిపెట్టిన బాట కన్నా తేలికైన దారి దానికి ఎక్కడ దొరుకుతుంది? మేము ఆ రోజు వేసింది పిల్లకాలువ.

అలాగని చదును నేల మీద వేస్తే బాగుంటుందా అంటే, అదీ చిక్కే. చదును మీద నీళ్లు నిలుస్తాయి. బురదలో ఎవరూ నడవరు, పక్కన గడ్డి తొక్కుతూ పోతారు. నెల తిరిగేసరికి మూడడుగుల బాట పన్నెండడుగుల బయలు అవుతుంది. అందుకే మంచి బాట ఎప్పుడూ వాలుకు అడ్డంగా, నడుముకు వడ్డాణం చుట్టినట్టు, మెల్లగా ఎక్కుతూ పోతుంది. దాని బయటి అంచు లోపలి అంచు కన్నా కాస్త కిందికి ఉండాలి. మూడడుగుల బాటకు రెండంగుళాల తేడా చాలు. కాలికి తెలియదు, నీటికి తెలుస్తుంది. ఇంకొకటి, బాట ఎక్కుతూ ఎక్కుతూ ప్రతి యాభై, నూరు అడుగులకు ఒకచోట కొంచెం దిగి మళ్లీ ఎక్కాలి. బాట మీద చేరిన నీళ్లు ఆ పల్లం దగ్గర పక్కకు దిగిపోతాయి.

వాలును కొలవడానికి మా దగ్గర యంత్రమేమీ లేదు. ఇళ్లు కట్టే మేస్త్రీ ఒకాయన మా వీధిలోనే ఉంటాడు. ఆయన తన నీళ్ల పైపు తెచ్చాడు. ముప్పై అడుగుల సన్నటి పారదర్శక గొట్టం, అందులో బుడగ లేకుండా నీళ్లు నింపి, రెండు కొసలూ గుర్తులు పెట్టిన రెండు కర్రలకు కట్టాడు. ఒక కర్ర నేను పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. రెండో కర్ర ఆయన పట్టుకుని పొదల్లో అటూ ఇటూ జరుగుతూ, "ఆడనే ఉండన్నా, కదలమాక" అంటూ, గొట్టంలో నీళ్లు రెండు వైపులా ఒకే గీతకు వచ్చిన చోట గుప్పెడు ముగ్గుపిండి పోశాడు. అది సమమట్టం. బాట ఎక్కాల్సిన చోట ముప్పై అడుగులకు రెండడుగుల తేడా పెట్టుకున్నాం. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కొండపాదం చుట్టూ తెల్లటి చుక్కల వరుస ఒకటి తేలింది. దాన్ని చూసి మేమందరం కాసేపు అలాగే నిలబడ్డాం. ఆ చుక్కలు చాలాచోట్ల గొర్రెలు నడిచి నడిచి అరగదీసిన సన్నటి జాడ మీదనే పడ్డాయి.

కాబట్టి కొత్త బాట గీసేముందు ఉన్న జాడలు చూడండి. పశువులు, కట్టెలకు పోయేవాళ్లు నడిచిన జాడలవి. వంట చెరకు మోసుకొచ్చేవాళ్లు తలమీద బరువుతో నడుస్తారు. వాళ్ల కాళ్లు మన పటాల కన్నా వాలును బాగా ఎరుగుతాయి.

వంకను దాటే చోట వంతెన కట్టాలని అందరికీ అనిపిస్తుంది. మాకూ అనిపించింది. సిమెంటు తూములు వేసి పైన మట్టి పోస్తే వానాకాలం మొదటి ప్రవాహానికి కొమ్మలు, ప్లాస్టిక్కు వచ్చి తూము నోట్లో ఇరుక్కుంటాయి. నీళ్లు పక్కకు తిరిగి గట్టు కోస్తాయి, కింది కాలనీలోకి పోతాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండే వంకకు వంతెన అక్కర్లేదు. అడుగుకొకటి చొప్పున బల్లపరుపు బండలు నేలలో సగం దాకా పూడ్చి పరిస్తే చాలు. నీళ్లు పారే నాలుగు రోజులు ఆ బాట మూసేయాలి. నీళ్లున్నప్పుడు దాటకపోవడమే క్షేమం.

ఆ బండలు ఏరుతున్నప్పుడు కనిపించిన సంగతి ఒకటి చెప్పాలి. వంకలో రెండు రకాల రాళ్లుంటాయి. ఒకటి బూడిదరంగు గ్రానైటు, గరుకుగా, మెరిసే పలుకులతో ఉంటుంది. రెండోది గులాబీ ఛాయ ఉన్న గట్టి ఇసుకరాయి లాంటిది, పగలగొడితే పంచదార గడ్డలా కనిపిస్తుంది. దాన్ని నగరి క్వార్ట్‌జైటు అంటారు. కింద గ్రానైటు నేల, దాని మీద కూర్చున్నది ఈ క్వార్ట్‌జైటు కొండ. రెండూ కలిసే గీత తిరుమల ఘాట్ రోడ్డులో స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. ఆ రెండు శిలల వయసుల మధ్య ఎడం సుమారు 80 కోట్ల ఏళ్లని శాస్త్రజ్ఞుల అంచనా. వంకలో వంగి రెండు చేతుల్లో రెండు రాళ్లు పట్టుకుంటే ఆ ఎడం మీ రెండు చేతుల మధ్య ఉంటుంది. నడకదారిలో బోర్డు ఒక్కటే పెట్టమంటే నేను ఈ రాళ్ల దగ్గర పెడతాను. అయితే బండల మీద పెయింటుతో బాణం గుర్తులు, సూక్తులు మాత్రం వద్దు. రాతి పగుళ్లలో, తడి నీడలో శేషాచలం బంగారు బల్లి లాంటివి బతుకుతాయి.

కంప తీయడం, మొక్క పెట్టడం

కొండపాదాన్ని ఎక్కువగా ఆక్రమించినవి సర్కారు తుమ్మ, లాంటానా, వయ్యారిభామ. వీటిని నరికితే సరిపోతుందనుకుని మేము రెండుసార్లు నరికాం. సర్కారు తుమ్మ మొదలు నుంచి ఒకటికి ఏడు కొమ్మలు వేసింది. లాంటానాకు పద్ధతి వేరు. మొదలు చుట్టూ మట్టి తీసి, నేలకు రెండు మూడు వేళ్ల లోతున, చిగుళ్లు పుట్టే ముడి కింద వేరు కోసి, పొదను తలకిందులుగా తిరగేసి పెట్టాలి. వేళ్లు ఎండకు మాడతాయి, మళ్లీ నాటుకోదు. ఆ తర్వాత కూడా రెండేళ్లు వదలకూడదు. పిగిలిపిట్టలు లాంటానా పండ్లు తిని ఎక్కడ వాలితే అక్కడ గింజ వేస్తాయి. వానలయ్యాక చిన్న మొక్కగా ఉన్నప్పుడే చేత్తో పీకేస్తే అయిపోతుంది.

ఒకేసారి మొత్తం పీకడం కూడా తప్పే. కంప చెడ్డదే, కానీ ఇప్పుడు వాలు మీద మట్టిని పట్టుకున్నదీ, పిట్టలకు గూడు ఇస్తున్నదీ అదే. ముందు బాటకు రెండు వైపులా పది పదిహేనడుగుల మేర తీసి, అక్కడ మన మొక్కలు నిలదొక్కుకున్నాక తర్వాతి ముక్కకు పోవాలి.

తీసిన చోట ఏం చేయాలంటే, నా సలహా, మొదటి వానాకాలం ఏమీ చేయకండి. చూడండి. కంప నీడ పోయాక నేలలో నిద్రపోతున్న గింజలు లేస్తాయి. మా ముక్కలో బలుసు, రేగు, కలివి, రేల, మోదుగ తమంతట తామే వచ్చాయి. వాటికి చుట్టూ నాలుగు రాళ్లు పెట్టి కాపాడడం, నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకు నీళ్లు మోయడం కన్నా సుఖం. ఖాళీ మిగిలితే అప్పుడు నేరేడు, ఉసిరి, మారేడు, కరక, తాని, వేగిస, చిల్ల పెట్టొచ్చు. ఎర్రచందనం నాటాలని ఉత్సాహం ఉంటే ముందు అటవీశాఖతో మాట్లాడండి, కాగితం మీద రాయించుకోండి. రేపు ఆ చెట్టు పెరిగాక ఎవరిదన్న ప్రశ్న వస్తుంది.

జూన్ 5 పర్యావరణ దినోత్సవం. ఆ రోజు మన జిల్లాలో లెక్కలేనన్ని మొక్కలు నాటుతారు. ఆ రోజుల్లో తిరుపతి నేల పెనంలా కాలుతుంటుంది. కేరళలో జూన్ మొదట్లో వాన మొదలవుతుంది కాబట్టి అక్కడ ఆ తేదీ కుదురుతుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. జూన్‌లో గుంతలు తీసి ఎండనివ్వండి. సెప్టెంబరు చివర రెండు మంచి వానలు పడ్డాక మొక్క పెట్టండి. దానికి వేసవి లోపల వేరు దించుకోవడానికి ఆరు నెలలు దొరుకుతాయి. ఈ ఒక్క మార్పు మా మొక్కల్ని బతికించినంతగా ఏ ఎరువూ బతికించలేదు.

చిరుత కూడా బాట వెంటే నడుస్తుంది

తిరుపతిలో కొండ కింద దారి అనగానే తల్లులు ముందు అడిగేది చిరుత గురించి. అడగాలి కూడా. 2023 జూన్‌లో అలిపిరి నడకదారిలో ఒక పిల్లవాడిని చిరుత కరుచుకుపోయి వదిలేసింది. ఆగస్టులో ఆరేళ్ల పాప ప్రాణం తీసింది. ఆ తర్వాతే మధ్యాహ్నం రెండు దాటితే పదిహేనేళ్లలోపు పిల్లల్ని ఆ దారిలోకి పంపకుండా దేవస్థానం కట్టడి చేసింది, భక్తుల చేతికి కర్రలు ఇచ్చింది.

చిరుతకు కంపలో దూరి నడవడం ఇష్టముండదు. మనం తీసిన బాట, ఎండిన వంక దానికీ సుఖమైన దారులే. సాయంత్రం నుంచి తెల్లవారే దాకా దాని వేళ. అది ఊరి అంచుకు వచ్చేది కుక్కల కోసం, పందుల కోసం. అవి వచ్చేది చెత్త కోసం. కాబట్టి బాట మొదట్లో తినుబండారాల బండి, మిగిలిన అన్నం పారేసే మూల ఉన్నాయంటే చిరుతకు మనమే కబురు పంపినట్టు. మా వంక ఒడ్డున చెత్త తీసేయడం అన్ని పనులకన్నా ముందు పెట్టుకున్నాం. కోతులకు, జింకలకు తిండి పెట్టొద్దనే మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

బాట పొడుగునా లైట్లు పెట్టాలని చాలామంది కోరుతున్నారు. నేను ఒప్పుకోను. లైటు పెడితే జనం రాత్రి కూడా వస్తారు, చిరుత వేళలో చిరుత దారిలో ఉంటారు. పొద్దు బాగా ఎక్కాక తెరిచి, సాయంత్రం ఐదుకు మూసేయడం ఒక్కటే సరైన పద్ధతి. పిల్లలు పెద్దల మధ్య నడవాలి. మలుపుల్లో చూపు ఆనేంత దూరం పొదలు తగ్గించాలి. పాముల సంగతి కూడా అంతే, రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టొద్దు, కాలికి బూట్లుండాలి. కరిస్తే కట్లు కట్టుకుంటూ, మంత్రాలు వేయించుకుంటూ కూర్చోకుండా నేరుగా రుయా ఆసుపత్రికి పోవాలి.

కాగితం, డబ్బు, ముందునుంచీ ఉన్నవాళ్లు

కాలనీ సంఘానికి చట్టబద్ధమైన రూపం ఉంటే పనులు తేలిక. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిస్తే నమోదు చేసుకోవచ్చు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. అది తన పరిధిలోని చెట్టూ పుట్టా, వాటి గురించి జనానికున్న తెలివిడీ రిజిస్టరులో రాసుకోవాలి. మీరు బాట వెంట రాసిపెట్టుకున్న మొక్కల, పిట్టల పట్టికను ఆ రిజిస్టరులోకి ఎక్కించండి. రేపు ఆ నేలను ఇంకో పనికి ఇవ్వాలన్నప్పుడు అడ్డం నిలిచేది ఆ పేజీ. 2020లో కేంద్రం మొదలుపెట్టిన నగర వన పథకం కూడా ఉంది. దానికి పది నుంచి యాభై హెక్టార్ల నేల కావాలి, కాబట్టి చిన్న వంక గట్టుకు అది పెద్ద చొక్కా.

కంపెనీల సామాజిక బాధ్యత నిధుల గురించి ఒక మాట. డబ్బు ఎక్కువ వస్తే మొదట కమాను కడతారు, తర్వాత టైల్సు, ఆ తర్వాత ఏనుగు బొమ్మలు. మా బాట మొదటి కిలోమీటరుకు ఖర్చయింది ముగ్గుపిండికి, చేతి తొడుగులకు, టీలకు. డబ్బు తీసుకోవాల్సి వస్తే మనిషి కూలికి తీసుకోండి. రెండేళ్లపాటు వారానికి రెండు రోజులు కలుపు తీసే ఒక మనిషి జీతం ఏ కమాను కన్నా విలువైనది. గురుగ్రామ్‌లో గనులు తవ్వి వదిలేసిన బంజరును 2010 నుంచి ఊరి జనమే స్థానిక జాతుల నర్సరీ పెట్టుకుని అరావళి జీవవైవిధ్య పార్కుగా మార్చారు. 2022లో దానికి దేశంలోనే మొదటి ఓఈసీఎం గుర్తింపు వచ్చింది, అంటే అధికారిక రక్షిత ప్రాంతం కాకపోయినా ప్రకృతిని కాపాడుతున్న చోటని. ఒక్క రోజు శ్రమదానంతో అయిన పని కాదది. అక్కడ పదేళ్లు మనుషులు ఆగకుండా పని చేశారు.

ఇక కంచె. బాట అనగానే కంచె వేసి గేటుకు తాళం పెడదామని మా దగ్గరా అన్నారు. కానీ మనం వాకింగుకు పోకముందు నుంచీ ఆ నేల మీద గొర్రెల కాపరులున్నారు, చీపురు గడ్డి కోసుకునే ఆడవాళ్లున్నారు, వేళ్లూ ఆకులూ ఎరిగిన యానాది కుటుంబాలున్నాయి. పోరంబోకు అంటే వాళ్లకు బతుకుదెరువు. వాళ్లను అడక్కుండా గీసిన బాట ఏదైనా నాకు సరైనదనిపించదు. మా బాటలో ఒక మలుపు గొర్రెలకు వదిలాం, మొక్కలు కొత్తగా లేచిన ముక్కను రెండేళ్లు మేపకుండా పెద్దాయన ఒప్పుకున్నాడు. ఇది రాతపూర్వకం కాదు. ఆయన మాట ఇచ్చాడు, నిలబెట్టుకుంటున్నాడు. ఏ మొక్క పేరు ఏమిటో బోర్డు మీద రాయడానికి మాకు చెప్పిందీ ఆయనే. ఆ పేర్లు ఆయన నోటి నుంచి వచ్చినట్టే రాశాం.

పనికి వచ్చేవాళ్లు మొదటి వారం ముప్పై మంది, రెండో నెలకు ఆరుగురు అవుతారు. బాధపడొద్దు, ఆరుగురికి తగ్గట్టు పని పెట్టుకోండి. ఒక్కొక్కరికి నూరు గజాల ముక్క, ఆదివారం ఒక గంట. పల్లాల్లో చేరిన ఆకులు తీయడం, జరిగిన రాయి సరిచేయడం, లాంటానా మొలక పీకడం. అంతే.

పోయిన అక్టోబరులో తొలి పెద్ద వాన పడుతుండగానే మేము నలుగురం గొడుగులు పట్టుకుని బాట మొదటికి పోయాం. మబ్బు పట్టి పగలే చీకటిగా ఉంది, దూరం పోలేదు. నీళ్లు పై నుంచి ఎర్రగా దిగాయి, బాట అంచుకు వచ్చాయి, రెండంగుళాల వాలు మీదుగా పలచగా పరుచుకుని అవతలికి దాటిపోయాయి. మూడో పల్లం దగ్గర మాత్రం ఆగి సుడి తిరిగాయి. మేస్త్రీ అక్కడ గొడుగు పక్కన పెట్టి, వంగి, చేత్తోనే అడ్డుపడ్డ ఆకులూ మట్టీ తీశాడు. నీళ్లు కదిలాయి. అక్కడ ఇంకో అంగుళం లోతు చేయాలని రాసుకున్నాం.